జీపు నేలకి వెల్డింగ్ మెషిన్ ఎంచుకున్న కథ

మాది మహీంద్రా ఎంఎం 540 జీపు. నాన్న వాడిన బండి, ఇప్పుడు నా చేతికొచ్చింది. ఇంజిన్ గురించి బెంగ లేదు, చలికాలంలో కూడా ఒక్క సెల్ఫుకే అందుకుంటుంది. బాధంతా నేల రేకుతోనే. డ్రైవరు కాళ్ల కింద మ్యాట్ ఎత్తితే రోడ్డు కనిపిస్తుంది. సొంత బళ్లకి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత 5 ఏళ్లకోసారి రెన్యువల్. ఈసారి రెన్యువల్ దగ్గరపడింది, ఈ నేలతో ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లే ధైర్యం నాకు లేదు. కంకిపాడులో ఇంటి వెనక షెడ్డుంది. కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పడం అయిపోయాక సాయంత్రాలు ఖాళీయే. రేకు నేనే మారుద్దామని నిర్ణయించుకున్నాక తేలాల్సింది ఒక్కటే: ఏ మెషిన్ కొనాలి?

ఎవర్నడిగినా ఒకటే సలహా. "200 ఆంప్స్ ఆర్క్ ఇన్వర్టర్ కొనెయ్యి, అన్నీ అయిపోతాయి." ఇన్వర్టర్ అంటే కరెంటు పోతే వాడే బ్యాటరీ పెట్టె కాదు, రాడ్డుతో వెల్డింగ్ చేసే ఎలక్ట్రానిక్ మెషిన్. చిన్న సూట్‌కేసంత ఉంటుంది, భుజానికి తగిలించుకోవచ్చు, ఆరేడు వేల నుంచీ దొరుకుతుంది. గేటు, గ్రిల్, షెడ్డు ట్రస్సులు చేసుకునేవాళ్లకి అంతకంటే మంచి బేరం లేదు, నిజమే. కానీ విజయవాడ ఆటోనగర్‌లో నాన్న జీపుకి ఎప్పుడూ పనిచేసే బాబాయ్ దగ్గరికెళ్తే, ఆయన మెషిన్ ఊసే ఎత్తలేదు. "అమ్మాయ్, ముందిది చెప్పు. నువ్వు అతికించేది యాంగిలరా, రేకా?" అన్నారు. యాంగిలర్ అంటే ఎల్ ఆకారంలో ఉండే మందపాటి ఇనప పట్టీ.

రేకు. తుప్పు తినని చోట వెర్నియర్ పెట్టి కొలిచాను, దాదాపు 1.2 మిల్లీమీటర్లు. అంటే 18 గేజి.

బాబాయ్ ఓ పాత రేకు ముక్క తీసి రెండు అంచులూ దగ్గరపెట్టారు. హోల్డర్‌లో 12 నంబరు రాడ్డు, అంటే రెండున్నర మిల్లీమీటర్లది. కరెంటు బాగా తగ్గించారు. రాడ్డు అలా తాకించి, మెరుపు రాగానే ఎత్తేశారు. ఎరుపు నల్లబడే దాకా ఆగి, పక్కన ఇంకో చుక్క. ఒకసారి ఈ చివర, ఒకసారి ఆ చివర, తర్వాత మధ్యలో. వేడి ఒకేచోట పోగుపడితే రేకు ఒంకరపోతుంది కాబట్టి అలా దూరదూరంగా టాకాలు వేస్తారు. చివరికి సుత్తితో తట్టి పెచ్చు రాలిస్తే కింద వెల్డు సన్నగా, ఒరిగిన నాణేల వరుసలా కనిపించింది. అదే రేకు మీద నేను రాడ్డు పెడితే మాత్రం సగం సెకనులో చిల్లు, ఆ చిల్లు పూడ్చబోతే ఇంకా పెద్ద చిల్లు. 12 నంబరు రాడ్డు మామూలుగా 60 నుంచి 90 ఆంప్స్ అడుగుతుంది. అంతకు తగ్గిస్తే రాడ్డు రేకుకి అతుక్కుపోతుంది, పెంచితే రేకు కారిపోతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న సందులో ఆయన చెయ్యి ఏళ్ల తరబడి నడిచింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఆ సందు దొరకదు. ఇంకా సన్నగా ఉండే 14 నంబరు రాడ్డు దొరికితే కాస్త సులువే, కానీ కష్టం పూర్తిగా పోదు.

రాడ్డు బదులు తీగతో అతికించే మిగ్ మెషిన్‌లో ఈ గొడవ తక్కువ. 0.8 మిల్లీమీటర్ల రాగిపూత తీగ గన్‌లోంచి తనంతట తాను వస్తుంది, ట్రిగ్గర్ వదిలితే ఆగిపోతుంది. 50, 60 ఆంప్స్‌కే ఆర్క్ నిలబడుతుంది. ఒక చుక్క పెట్టి వదిలెయ్యడం మొదటిరోజే చేతికొస్తుంది. కార్ల బాడీ రేకులు దీనికంటే పల్చన, అర మిల్లీమీటరు చిల్లర నుంచి 1 మిల్లీమీటరు లోపు. బాడీ పని మీ ఉద్దేశమైతే మిగ్ తప్ప వేరే ఆలోచన పెట్టుకోకండి. టిగ్ (టంగ్‌స్టన్ మొనతో ఆర్క్ కొట్టి, తీగని విడిగా అందించే పద్ధతి) అందంగా ఉంటుంది కానీ ఒక చేత్తో టార్చి, రెండో చేత్తో తీగ, చాలాచోట్ల కాలితో కరెంటు అదుపు. జీపు కింద వెల్లకిలా పడుకుని చేసే పని కాదది. అల్యూమినియం జోలికి వెళ్లేదుంటే అప్పుడు చూద్దాం, దానికి ఆల్టర్నేటింగ్ కరెంటుతో నడిచే ఏసీ టిగ్ కావాలి, రేటు వేరు.

మెషిన్ రకం తేలాక అసలు టెన్షన్ మొదలైంది. ఇంటి కరెంటు మోస్తుందా?

ఇక్కడ నాలోని పంతులమ్మ బయటికొచ్చింది. రాడ్డు వాడే ఆర్క్ మెషిన్లకి పని చేసేటప్పుడు ఉండే ఓల్టేజికి ప్రామాణిక సూత్రం ఉంది: 20కి, ఆంప్స్‌ని 0.04తో గుణించి కలపాలి. మిగ్‌కైతే 14కి, ఆంప్స్‌ని 0.05తో గుణించి కలపాలి. నా రేకు పనికి మిగ్‌లో 60 ఆంప్స్ అనుకుంటే 17 ఓల్టులు, రెండూ గుణిస్తే సుమారు 1 కిలోవాటు. మెషిన్‌లో వృథాని, పవర్ ఫ్యాక్టర్‌ని (పనికి రాకుండా అదనంగా లాగే కరెంటు లెక్క) కలిపి చూసినా గోడ నుంచి లాగేది 7, 8 ఆంప్స్. ఏసీ కోసం పెట్టించిన 16 ఆంప్స్ సాకెట్ హాయిగా మోస్తుంది. అదే ఇంకా లావుపాటి 10 నంబరు రాడ్డుతో 110 ఆంప్స్ ఆర్క్ కొడితే 24.4 ఓల్టులు, దాదాపు 2.7 కిలోవాట్లు, గోడ దగ్గర 20 ఆంప్స్ దాటుతుంది. ఆ సాకెట్ మీద అది అత్యాశ. ఇక పెట్టె మీద రాసిన 200 ఆంప్స్ నిజంగా వాడితే 5.6 కిలోవాట్లు బయటికి, లోపలికి 40 ఆంప్స్ పైనే. మా మీటరు శాంక్షన్డ్ లోడ్, అంటే మాకు మంజూరైన పరిమితి, 3 కిలోవాట్లు. కాబట్టి చాలా ఇళ్లలో ఆ 200 అనే అంకె పెట్టె మీద అలంకారానికే. నిజంగా అంత వాడాలనుకునేవాళ్లు ముందు డిస్కమ్‌లో (కరెంటు పంపిణీ సంస్థ) అదనపు లోడ్‌కి దరఖాస్తు పెట్టుకుని, మెయిన్ నుంచి విడిగా మందపాటి వైరు, ఆ లోడ్‌కి తగ్గ సి-టైప్ ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే తనంతట తాను పడిపోయే స్విచ్చు) వేయించుకోవాలి.

ఇంకో సంగతి. సాయంత్రం వీధంతా ఏసీలు వేశాక మా దగ్గర ఓల్టేజి పడిపోతుంది. అదే పనికి ఇన్వర్టర్ అప్పుడు ఎక్కువ ఆంప్స్ లాగుతుంది, వైర్లు ఎక్కువ వేడెక్కుతాయి. అందుకే నాకు పని టైము ఆదివారం పొద్దున్న. సన్నటి ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద వెల్డింగ్ మెషిన్ పెట్టేవాళ్లని చూస్తే మాత్రం నాకు చెమటలు పడతాయి. పాత పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ మెషిన్ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని ఒకరు తెచ్చిపెడతామన్నారు. అలాంటివి ఎక్కువగా రెండు ఫేజుల మధ్య 415 ఓల్టుల మీద నడిచేవి. సింగిల్ ఫేజ్ ఇంట్లో ఆ ఇనపపెట్టె మొక్కల కుండీ పెట్టుకోవడానికి తప్ప పనికిరాదు.

డ్యూటీ సైకిల్ అనే మాట షాపుల్లో ఎవరూ తమంతట తాము చెప్పరు, మనమే మెషిన్ వెనక ప్లేట్ చూడాలి. 200 ఆంప్స్ దగ్గర 60 శాతం అని ఉంటే, 10 నిమిషాల్లో 6 నిమిషాలు కొట్టి 4 నిమిషాలు ఆపాలని. ఆగకుండా కొట్టగలిగేది అందులో 155 ఆంప్స్ దాకా. ఆ లెక్క కూడా 40 డిగ్రీల గాలిలో వేసింది. మే నెలలో మా షెడ్డు రేకుల కింద ఎంత ఉంటుందో కృష్ణా జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు. అయితే 60 ఆంప్స్ దగ్గర టాకాలు వేసుకునే నాబోటివాళ్లకి ఈ అంకె అడ్డమే రాదు. దీనికోసం ఇంకో పదివేలు ఎక్కువ పెట్టించాలని చూసిన షాపువాడికి నవ్వి దణ్ణం పెట్టాను.

గ్యాసా, గ్యాస్ లేని ఫ్లక్స్ తీగా? కరిగిన లోహానికి గాలి తగలకుండా మిగ్‌కి గ్యాస్ కావాలి, లేదా ఆ పని చేసే మందు లోపల నింపిన ఫ్లక్స్ తీగ కావాలి. దీని మీద ఎక్కువ ఆలోచించాను. ఫ్లక్స్ తీగకి సిలిండర్ బాధ లేదు, బయట గాలిలో కూడా పని జరుగుతుంది. కానీ పెచ్చు, చిందులు ఎక్కువ, పల్చటి రేకు మీద వేడి కూడా ఎక్కువే. పైగా దానికి గన్ నెగెటివ్‌లో ఉండాలి, మామూలు తీగకి పాజిటివ్‌లో. మెషిన్ లోపల ఈ రెండు కనెక్షన్లూ మార్చుకునే వీలుందో లేదో కొనేముందే మూత తీయించి చూడండి. గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ చవక, చిన్న ఊళ్లో కూడా దొరుకుతుంది (మా గ్యాస్ షాపుకి పెద్ద గిరాకీ సోడా మెషిన్ల వాళ్లే). ఆర్గాన్ కలిపిన మిక్స్‌తో పల్చటి రేకు మీద ఆర్క్ మెత్తగా, చిందులు తక్కువగా వస్తుంది, కానీ దానికి ఆటోనగర్ దాకా వెళ్లాలి. నేను కార్బన్ డయాక్సైడ్‌తోనే సరిపెట్టుకున్నా. సిలిండర్ మీద ఖర్చు మెషిన్ ఖర్చులో సగానికి దగ్గరగా వచ్చింది, డిపాజిట్, రెగ్యులేటర్ కలిపి. బడ్జెట్ వేసుకునేటప్పుడు ఇది ఎవరూ చెప్పరు. ఇంకోటి కూడా చెప్పరు: గ్యాస్ వాడేటప్పుడు ఫ్యాన్ వేసుకోకూడదు. ఆ గాలికి గ్యాస్ చెదిరి వెల్డులో బుడగలు పడతాయి. చెమట ఒక పక్క, హెల్మెట్ ఒక పక్క!

చివరికి తీసుకున్నది మిగ్‌తో పాటు రాడ్డు కూడా వాడుకోగలిగే సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్. మిగ్ రేకుకి, రాడ్డు ఎప్పుడైనా మందపాటి బ్రాకెట్ వస్తే. ఎసాబ్, ఆడార్ లాంటి పాత కంపెనీలవి చూశాను, కొత్త పేర్లవీ చూశాను. మెషిన్ కంటే ముందు అడిగింది గన్‌లో అరిగిపోయే 0.8 టిప్పులు, లైనరు, నాజిల్ విజయవాడలో దొరుకుతాయా, సర్వీసు ఎక్కడ అని. గన్ మెషిన్‌కి శాశ్వతంగా బిగించి ఉన్నది వద్దన్నాను, విప్పుకునే యూరో కనెక్టర్ ఉంటే గన్ పోయినా గన్ ఒక్కటే కొనుక్కోవచ్చు. షాపులోనే తీగ ఎక్కించి, గన్ కేబుల్ ఒకసారి చుట్టచుట్టి ట్రిగ్గర్ నొక్కించాను, రోలరు జారకుండా తీగ వస్తే సరే. ఒక షాపులో "ప్యూర్ కాపర్ మేడం" అంటూ ఎర్త్ కేబుల్ చేతిలో పెట్టారు. చివర బ్లేడుతో గీరితే లోపల తెల్లగా అల్యూమినియం మెరిసింది. ఆ కుర్రాడి మొహం చూసి నాకే జాలేసింది. మీరు కూడా బ్లేడు జేబులో పెట్టుకుని వెళ్లండి.

రేకు కొనేటప్పుడు జీఐ తీసుకోమన్నారు, తుప్పు పట్టదని. జీఐ మీద జింక్ పూత ఉంటుంది, వెల్డింగ్‌కి అది తెల్లటి పొగై లేస్తుంది. పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం. పూత లేని సీఆర్ (కోల్డ్ రోల్డ్) రేకు 18 గేజి తెచ్చాను, వెల్డింగ్ అయ్యాక ప్రైమర్ పూసుకుంటే పోయె. శుభ్రం చేయడానికి బ్రేక్ క్లీనర్ స్ప్రే కొట్టే అలవాటు ఉన్నవాళ్లు డబ్బా మీద చూడండి, క్లోరిన్ రసాయనాలున్న రకమైతే వెల్డింగ్ వేడికి ఫాస్‌జీన్ అనే విషవాయువు తయారవుతుంది. బ్యాటరీ నెగెటివ్ విప్పడం, డీజిల్ ట్యాంకు దించి షెడ్డు బయట పెట్టడం, ఎర్త్ క్లాంపు అతికించే చోటికి జానెడు దూరంలోనే పట్టించడం, ఇవి బాబాయ్ ముందే చెప్పారు. ఎర్త్ ఎక్కడో దూరంగా పెడితే కరెంటు బేరింగుల గుండా దారి వెతుక్కుంటుందట. కళ్ల విషయంలో బేరం ఆడకండి. చేత్తో పట్టుకునే నల్లద్దం కంటే తనంతట తాను నల్లబడే హెల్మెట్ మొదటిసారి పట్టుకునేవాళ్లకి మేలు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. నైలాన్ చున్నీలు, చీరలు షెడ్డు బయటే. నాకు నాన్న పాత కాటన్ చొక్కా, జీన్సు, తోలు గ్లౌజులు యూనిఫామ్ అయ్యాయి.

ఇంత కొన్నాక కూడా ఇంట్లో ముట్టుకోని పనులున్నాయి. చాసిస్ మీద వెనక స్ప్రింగ్ హ్యాంగర్ (స్ప్రింగ్ పట్టీని పట్టి ఉంచే బ్రాకెట్) దగ్గర సన్నటి పగులుంది. స్టీరింగ్, బ్రేకు, సీటు బెల్టు బోల్టులు బిగించే చోట్లు, చాసిస్ నేను పట్టుకోను. రేకు మీద వెల్డు ఊడితే కాలికి గాలి తగులుతుంది, హ్యాంగర్ ఊడితే బండి బోల్తా పడుతుంది. చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ చేసిన బండికి భిన్నంగా మారేలా మార్పులు చేయకూడదు, సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే గట్టిగా చెప్పింది. పోయిన నేల రేకు స్థానంలో అదే ఆకారంలో కొత్త రేకు వేయడం రిపేరు. చాసిస్ పొడిగించడం, బాడీ రకం మార్చడం వేరే కథ. ఆఫ్‌రోడ్ వీడియోలు చూసి ఉత్సాహపడే పిల్లలు మా కాలేజీలోనూ ఉన్నారు, వాళ్లకీ ఇదే చెప్తున్నా.

పగులు సంగతి ఫోన్లో చెప్తే బాబాయ్, "ముందు నేల పూర్తి చేసి తీసుకురా అమ్మాయ్, నీ వెల్డు మీద సుత్తి దెబ్బ వేసి చూశాకే హ్యాంగర్ కొడతా" అన్నారు.