హారం లేని లెక్క

నోటి క్యాన్సర్‌పై నేను రాసిన పరిశోధన వ్యాసాన్ని ప్రచురణకు స్వీకరించినట్టు మొన్న రాత్రి పత్రిక నుంచి మెయిల్ వచ్చింది. ఫారాలు, ఫీజు, గైడ్ సంతకం పదిహేను రోజుల్లోనే అయిపోయాయి. ఏడాదిన్నర కాలాన్ని మింగినది మాత్రం ఒకే ఒక్క మాట, 'ఇన్సిడెన్స్' (జనాభాలో కొత్త కేసుల రేటు).

మాది శ్రీకాకుళం జిల్లాలోని తీరగ్రామం. మా నాయనమ్మ నిప్పున్న కొసను నోటిలోపలికి పెట్టుకుని, పెదవులు బిగించి చుట్ట కాల్చేది. నీళ్లు చిందినా, గాలి వీచినా అలాగైతే ఆరిపోదనేది. ఈ అడ్డపొగకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని కోస్తాంధ్ర వైద్యులు 1957లోనే రాశారు. పిండ్‌బోర్గ్, మెహతా అనే పరిశోధకుల బృందం మన పల్లెల్లో 10,169 మంది అంగిళ్లను పరీక్షించి 1971లో ప్రచురించింది. అందువల్ల నా ప్రతిపాదనకు 'జిల్లాలో అంగిలి క్యాన్సర్ ఇన్సిడెన్స్' అని ధైర్యంగా పేరు పెట్టి, ఒకే ఆసుపత్రి రికార్డులతో ఎథిక్స్ కమిటీ ముందు నిలబడ్డాను.

"లవం సరే, హారం ఏదమ్మా?" అని గణాంకాల ప్రొఫెసర్ అడిగారు. నేను నోరు తెరవకముందే పక్కనున్న సభ్యుడు, "మెడలో ఉంది కదండీ, కాగితంలోనే లేదు" అన్నారు. గది అంతా నవ్వింది. నా చేయి దానంతట అదే మెడలోని సన్నటి గొలుసు మీదికి వెళ్లింది, అది చూసి మళ్లీ నవ్వారు. మిగిలిన స్లయిడ్లు ఎలా చదివానో నాకు గుర్తు లేదు.

ఆ నవ్వును క్షమించను గానీ, ప్రశ్న సరైనదే. ఇన్సిడెన్స్ అంటే ఒక ప్రాంతంలో నివసించే లక్ష మందిలో ఏడాదికి కొత్తగా ఎందరు జబ్బున పడ్డారన్న లెక్క. మా జిల్లా రోగులు విశాఖకో, హైదరాబాదుకో, చెన్నైకో వెళ్తారు. కొందరు ఎక్కడికీ వెళ్లరు. మా ఆసుపత్రికేమో ఒడిశా నుంచి కూడా వస్తారు. అంటే హారమే కాదు, నా లవం కూడా కల్తీదే. అన్ని ఆసుపత్రులనూ, ల్యాబులనూ, మరణ నమోదులనూ గాలించి, ఒకే రోగిని రెండుసార్లు లెక్కించకుండా జల్లెడపట్టే జనాభా ఆధారిత రిజిస్ట్రీ తప్ప మరెవరూ ఆ మాట వాడకూడదు. మా గైడ్ ఈ సంగతి ముందే చెప్పి ఉంటే నాకు ఆ పూట ఆ అవమానం తప్పేది. గైడ్ సంతకాన్ని ఆమోదమని నమ్మకండి, అది కేవలం సంతకం.

పేరును 'నోటి క్యాన్సర్ రోగుల్లో అంగిలి క్యాన్సర్ వాటా'గా మార్చాక రికార్డుల గదికి వెళ్లాను. అక్కడ సగానికి సగం కేసులకు సి06.9 అనే జబ్బు వర్గీకరణ కోడ్ వేసి ఉంది, అంటే 'నోటిలో ఎక్కడో తెలియదు' అని. బయాప్సీ రిపోర్టులో గట్టి అంగిలి అని స్పష్టంగా ఉన్నా సి05.0 వేయడానికి ఎవరికీ తీరిక లేదు. అందుకని ప్రతి రిపోర్టునూ నేనే చదివి కోడ్లు సరిచేశాను. ఆ ఓపిక మా బ్యాచ్‌లో మరెవరికీ లేదని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. అక్కడికి సోమవారం వెళ్లకండి, మధ్యాహ్నం భోజనాల తరువాత అసలే వెళ్లకండి.

కేస్ షీట్లలో ఆడవాళ్ల వరుసలో 'పొగ తాగే అలవాటు: లేదు' అని ఉండేది. వార్డులో ఒక పెద్దావిడను నేనే అడిగాను. "పొగ నానెందుకు తాగుతానమ్మా, అది మగోళ్ల పని, నాను చుట్ట కాలుస్తాను" అంది. నోరు తెరిస్తే అంగిలి తెల్లగా గట్టిపడి, ఎర్రటి చుక్కలతో కనిపించింది. ఆ రోజు నుంచి 'చుట్ట ఎటువైపు నుంచి కాలుస్తారు' అన్న ప్రశ్నను నా ఫారంలో చేర్చాను, వ్యాసాన్ని పరిశీలించిన పత్రిక సమీక్షకుడు మెచ్చుకున్నది కూడా ఆ ఒక్క ప్రశ్ననే.

హారం గురించి జోకు వేసిన సభ్యుడు నిన్న వాట్సాప్‌లో అభినందనలు పంపారు. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు ఇంకా రాయలేదు.