వార్డెన్ లేని ఇల్లు

తాగి కారు నడుపుతూ మళ్లీ దొరికిపోయాను. ఈసారి కోర్టు జైలుకి పంపింది. లోపలికెళ్లిన కొద్ది రోజులకే చేతులు వణికాయి, గోడల మీద లేని చీమలు పాకాయి. ఏళ్ల తరబడి తాగి ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికొస్తుందని నర్సు చెప్పింది. బి1 విటమిన్ ఇంజెక్షన్లు, మాత్రలు ఇచ్చి గట్టెక్కించారు.

బయటికొచ్చాక పాత అపార్ట్‌మెంట్‌కి పోదామంటే కిందే లిక్కర్ షాపు. అందుకని ఆక్స్‌ఫర్డ్ హౌస్‌లో చేరాను, అంటే తాగుడు, మత్తుమందులు మానేసినవాళ్లు కలిసి ఉంటూ తామే నడుపుకునే అద్దె ఇల్లు. ఇక్కడే, అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలోని సిల్వర్ స్ప్రింగ్‌లో 1975లో మొదలైంది ఈ పద్ధతి. కౌంటీవాళ్లు (అక్కడి స్థానిక ప్రభుత్వం) తాగుడు మానేసి కోలుకుంటున్నవాళ్లు ఉండే హాఫ్‌వే హౌస్ మూసేస్తుంటే, అందులో ఉంటున్న పాల్ మలోయ్ తోటివాళ్లతో కలిసి ఆ ఇంటినే అద్దెకు తీసుకున్నారట.

ఇక్కడ వార్డెన్ ఉండడు. ఉన్నవాళ్లలో 80 శాతం ఒప్పుకుంటేనే కొత్తవాడికి మంచం. అద్దె అందరిదీ, పదవులు ఆరేసి నెలలు. చెక్కుల ఫోర్జరీలో శిక్ష పడ్డవాడు మా ట్రెజరర్! మొదట నవ్వొచ్చింది. కానీ వారం వారం మీటింగులో అతను చెప్పినంత శుభ్రంగా లెక్క చెప్పిన మేనేజర్ని నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు.

అమ్మకి హాస్టలని చెప్పాను. "ఈ వయసులో హాస్టలేంట్రా? వంటెవరు చేస్తున్నారు?" అంది. నేనేనమ్మా అన్నాను. పప్పుచారు ఇంట్లో అందరికీ అలవాటైపోయింది.

మందుగానీ మత్తుగానీ మళ్లీ ముట్టుకుంటే మాత్రం ఆ రోజే బయటికి. నా రూమ్మేట్ హెరాయిన్ కేసులో జైలు నుంచి అప్పుడే వచ్చినవాడు. ఒక రాత్రి బాత్రూంలో పడిపోయి ఉన్నాడు, పెదాలు నీలంగా. ముక్కులో హెరాయిన్‌కి విరుగుడు మందు నాలోక్సోన్ స్ప్రే కొడితే ఊపిరి తిరిగొచ్చింది. జైల్లో ఒంటికి అలవాటు తప్పుతుంది. పాత మోతాదే వేసుకుంటే తట్టుకోలేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన ఖైదీలపై 2007లో వచ్చిన అధ్యయనం, మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్ చావు ముప్పు మామూలు జనం కంటే 129 రెట్లని తేల్చింది.

అతను ఆసుపత్రిలో ఉండగానే ఓటింగ్. పంపేయాలని నేనూ చెయ్యెత్తాను, బ్యాగూ నేనే సర్దాను. క్రూరంగానే ఉంది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది. కాకపోతే అదే ఇంట్లో అదే సరుకుంటే మిగతా మాకెవరికీ నిద్రపట్టదు.

డీటాక్స్ (ఒంట్లో మత్తు దించే చికిత్స) అయ్యి, కొన్నాళ్లకి మళ్లీ దరఖాస్తు పెట్టాడు. "ఆ రాత్రి ఎవర్ని పిలిచి ఉండాల్సింది?" అనడిగాను. "పక్క మంచంలో నువ్వే ఉన్నావుగా" అన్నాడు. ఓట్లు సరిపోయాయి. ఆ వారం అంట్లు తోమే వంతు అతనికి పడింది.