చార్టులో మూడంతస్తులూ ఒకటే

పదకొండున్నరైంది. నిద్ర రావడం లేదు.

మళ్ళీ ఆ బస్టాండు దగ్గరి లాడ్జి గొడవే. వాళ్ళకి నేను రాసిచ్చిన గదుల చార్టు ప్రోగ్రాములో, 103లో సేలం వాళ్ళు దిగారని నొక్కితే 203, 303 కూడా నిండినట్టు చూపించింది. అసలే పెరటాసి శనివారం, తమిళ భక్తుల రద్దీ రోజు. గదులు ఖాళీగా ఉండగానే రెండు కుటుంబాల్ని వెనక్కి పంపేశారట. "ఏం సామీ, నీ కంప్యూటరు నాకంటే ముందే గదులు అమ్ముకుంటా ఉండాదే" అన్నాడు ఓనరు. నవ్వుతూ అన్నాడు, అందుకే ఇంకా మండింది.

తప్పు ఒక్క లైనులో. ఎనిమిది ఖాళీ గదుల లిస్టు చేసి, మూడంతస్తులకని మూడుతో గుణించాను. నేను ప్రోగ్రాము రాసిన పైథాన్ భాష అలా మూడు లిస్టులు చెయ్యదు, ఒకే లిస్టుని మూడుచోట్ల చూపిస్తుంది. సరేనని మొత్తాన్ని డీప్‌కాపీ చేశాను, అంటే లోపలి లిస్టులతో సహా నకలు. అయినా అంతే! లోపల ఒకే లిస్టు మూడుసార్లు ఉంటే, కాపీలోనూ కొత్తది ఒక్కటే చేసి మూడుచోట్లా పెడుతుందది. ఏ లిస్టు ఏదో చెప్పే గుర్తింపు అంకెలు, ఐడీలు, ప్రింటు చేసి చూసేదాకా వెలగలేదు. మూడింటికీ ఒకే అంకె. గంటన్నర గంగపాలు.

"మెమరీలో చెత్త ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ ఉందిగా, మెమరీతో నీకేం పని" అని నేర్పిన మహానుభావుణ్ణి తిట్టుకున్నాను. 1959లో లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష కోసం దాని సృష్టికర్త జాన్ మెకార్తీ కనిపెట్టిన దగ్గర్నుంచీ ఈ కలెక్టర్ పని, ప్రోగ్రాములో ఎవరికీ అందని సరుకుని ఊడ్చెయ్యడం. సీ భాషలోలాగా, ఇక వద్దని వదిలేసిన (ఫ్రీ చేసిన) మెమరీలో మళ్ళీ చెయ్యి పెట్టే భయం ఉండదు, నిజమే. వాడుకలో ఉన్నదాన్ని ఎవరు కెలికితే దానికేం?

ఊళ్ళో అంగడి పద్దు గుర్తొచ్చింది. నాన్న లెక్కలో అయితే వీపు మోగుతుందని, "చిన్నాయన లెక్కలో రాయన్నా" అని కమ్మరకట్టు తినేవాణ్ణి. అంగడాయన పెన్సిలు నాలిక్కి తడుపుకుని మరీ రాసేవాడు. ఉమ్మడి కుటుంబం, ఇద్దరి పేరూ ఒకే పేజీ అని నాకేం తెలుసు? ఉగాది ముందు లెక్క చూస్తూ నాన్న పైకి చదివాడు: "కమ్మరకట్టు... కమ్మరకట్టు... బెల్లం అరకిలో... కమ్మరకట్టు..." పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది.

పైథాన్‌ని తిడదామనే కూర్చున్నాను గానీ, చిన్నాయనకి పని లేని నెలల్లో పిన్ని బియ్యానికి ఎవరినీ అడగక్కర్లేకపోయింది ఆ పేజీ వల్లే. ఈ లాడ్జిలోనూ కౌంటరు స్క్రీను, బిల్లు వేసే భాగం ఒకే చార్టుని పట్టుకునుండాలి. కాపీ ఇస్తే ఖాళీ చేసిన గదికీ బిల్లు పడుతుంది. అంతస్తులకే విడివిడిగా కావాలి.

లూపులో అంతస్తుకొక కొత్త లిస్టు చేశాను, సరిపోయింది. ఓనరుకి మెసేజ్ పెడితే వెంటనే జవాబు: "304లో ఫ్యాను తిరగడంలా, అది కూడా చూడు సామీ."