వెయ్యి అబద్ధాలు, కేజీ చిన్న ఉల్లిపాయలు

ఆదివారం కూడా ఏడింటికే అమ్మ ఫోన్. తమ్ముడికి ఏదో సంబంధం వచ్చిందట, ఫోటో పంపేశారట, ఆ ఫోటోలో వాడికి కళ్ళజోడు లేదు. "అదేంటమ్మా, అది తీస్తే వాడికి గుమ్మం కూడా కనపడదు కదా" అన్నాను. "వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు, నేను ఆడింది ఒక్కటి, అదీ నోటితో కాదు" అని పెట్టేసింది.

ఆ చిరాకుతోనే కిందికి దిగాను. చెన్నై వెస్ట్ మాంబళంలో మేము పైన అద్దెకుంటాం, కింద తమిళ ఓనర్లు పాట్టి, అంటే అవ్వ, తాతా ఇద్దరే. పాట్టి వరండాలో పేపర్ పరిచి కేజీ చిన్న ఉల్లిపాయలు ముందేసుకుని కూచుంది, వెంగాయ సాంబార్ కోసం. నేనూ ఒక చాకు అందుకున్నాను. నీళ్ళలో నానేసినవే గానీ, పది వలిచేసరికి బొటనవేలి గోరు నల్లబడింది, కళ్ళు సరేసరి. ముక్కు ఎగబీలుస్తూ అమ్మ మాట చెప్పాను.

"మాకూ ఉందిమ్మా అది. ఆయిరం పొయ్ సొల్లి ఒరు కల్యాణం పణ్ణు. కానీ పొయ్ కాదు, పోయ్!" అంది. పొయ్ అంటే అబద్ధం, పోయ్ అంటే వెళ్ళి. వెయ్యి సార్లు వెళ్ళి, ఇంటింటికీ చెప్పి పెళ్ళి జరిపించమన్నారట పెద్దలు, జనం నోట్లో పడి దీర్ఘం ఊడిపోయి వెళ్ళడం కాస్తా అబద్ధమైందట.

తమిళ సామెతలకి ఇలాంటి రిపేర్లు చాలా ఉన్నాయి. మట్టి గుర్రాన్ని, అంటే మణ్ కుదిరైని నమ్మి ఏట్లో దిగకు అని ఒకటుంది కదా, అసలు మట్టి గుర్రం మీద ఎవడైనా ఏరు దాటుతాడా, అది కుదిరై కాదు కుదిర్, ఏటి మధ్యలో గట్టిగా కనపడి కాలు పెడితే కుంగిపోయే ఇసుక దిబ్బ అంటారు. ఊళ్ళోవాళ్ళ బిడ్డకి తినిపిస్తే నీ బిడ్డ తానే పెరుగుతుంది అనే దాంట్లో ఊళ్ళోవాళ్ళ బిడ్డంటే ఎవరో కాదు, కడుపుతో ఉన్న నీ భార్యే అంటారు. ఇది మాత్రం నాకు భలే నచ్చింది, మా ఆయనకి కూడా చెప్పాను, ఆయన ఆ రోజు రెండు దోసెలు ఎక్కువ వేశాడు.

తాతా రిటైరైన తమిళ అయ్యవారు. పేపర్ దించకుండానే అందుకున్నారు. పాత తాటాకుల్లో ఒ కీ ఓ కీ తేడా తెలిసేలా రాసేవాళ్ళు కాదు, 18వ శతాబ్దంలో ఇటలీ నుంచి వచ్చిన బెస్కీ అనే పాదిరీ, వీళ్ళు వీరమామునివర్ అని పిలుచుకుంటారు, ఆయన ఆ రెండిటికీ వేరే వేరే గుర్తులు తెచ్చారు. అంటే ఆకు మీద పొయ్, పోయ్ ఒకేలా ఉంటాయి. పాట్టి మొహం వెలిగిపోయింది. నేను ఊరుకోవచ్చు కదా. "మరి మాకు అబద్ధమే ఉంది పాట్టీ, అందులో ఏ దీర్ఘం లాగినా వెళ్ళడం రాదు. కన్నడంలోనూ సుళ్ళు, అంటే అబద్ధమే. ముగ్గురం ఒకేసారి తప్పు విన్నామా?" అన్నాను. అబద్ధమాడమని పెద్దలు చెప్పారంటే సిగ్గేసి ఎవరో తీరిగ్గా కూచుని అల్లిన కథ ఇది, నాకైతే అంతే అనిపిస్తుంది.

పాట్టి ఉల్లిపాయ తొక్క నా మీదకి విసిరింది.

తాతా నవ్వి, కథ కావాలంటే పళమొళి నానూఱులో చూడు అన్నారు. మున్ఱుఱై అరయనార్ రాసిన 400 పద్యాలు, ప్రతి దాంట్లోనూ ఒక సామెత. అందులో ఒకటి కులవిచ్చై కల్లామల్ పాగం పడుం, అంటే కులవిద్య నేర్పకుండానే అబ్బుతుంది. దాని వెనక కరికాల చోళుడి కథ. ఇద్దరు ముసలివాళ్ళు తగవు తీర్చమని వచ్చి, గద్దె మీద పిల్లవాణ్ణి చూసి, వీడేం తీరుస్తాడులే అని నసిగారట. రాజు అది కనిపెట్టి లోపలికెళ్ళి తెల్ల జుట్టు తగిలించుకుని వచ్చాడు. ముసలివాళ్ళు ఆ నెరిసిన తలని నమ్మి మొత్తం చెప్పుకున్నారు, తీర్పు విని సంతోషపడ్డారు.

"చూశావా, రాజే విగ్గు పెట్టుకున్నాడు, మీ తమ్ముడు కళ్ళజోడు తీస్తే వచ్చిందా?" అంది పాట్టి. ఆ ఊపులో తన పెళ్ళిచూపుల సంగతీ చెప్పేసింది. అమ్మాయికి సంగీతం వచ్చు అని పక్కింటి వీణ తెచ్చి పక్కన పెట్టారట. "52 ఏళ్ళయింది, ఇంకా వాయిస్తుందేమో అని చూస్తున్నాను" అన్నారు తాతా పేపర్ వెనక నుంచి.

గిన్నెడు సాంబార్ పట్టుకుని పైకొచ్చేసరికి తమ్ముడి మెసేజ్. "అక్కా, కళ్ళజోడుతో ఉన్న ఫోటో ఆ అమ్మాయికి నేనే పంపేశాను. అమ్మకి చెప్పకు."

సాయంత్రం అమ్మ మళ్ళీ చేసింది. వాడేమైనా అన్నాడా అని అడిగింది. ఏమీ అనలేదమ్మా అన్నాను.