సరుగుడు కొమ్మకి చీర నక్షత్రాలు

మా బాపట్ల వైపు చాలా ఇళ్లలో క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మే. సూర్యలంక దారిలో తోటలున్నాయి కదా, డిసెంబర్ రాగానే ఎవరో ఒకరు ఒక కొమ్మ తెచ్చిస్తారు, బకెట్లో ఇసక పోసి నిలబెడతాం. అయితే దాని రెమ్మలు దారాల్లా సన్నగా ఉంటాయి, బజార్లో కొన్న మెరుపు బంతులు నాలుగు తగిలిస్తే చాలు, కిందకి వాలిపోతాయి. గుడ్డవైతే బరువుండవు. నేను కుట్టడం మొదలుపెట్టింది మాత్రం 2023లో. ఆ డిసెంబర్ 5న మిగ్‌జాం తుపాను మా దగ్గరే తీరం దాటింది, వరండాలో కట్టిన కాగితం స్టార్ నానిపోయి తెల్లారేసరికి వైరూ బల్బూ మిగిలాయి. కరెంటు లేని ఆ రోజుల్లో అమ్మ బీరువాలోంచి పాత చీరాల నేత చీరలు రెండు తీసి, వీటితో ఏమైనా చెయ్యవే అంది.

పాత నూలు చీర బాగా మెత్తబడిపోయి కత్తెరకి దొరకదు, జారిపోతుంది. అందుకే ముందు గంజి పెట్టి, కాస్త తడిగా ఉండగానే ఇస్త్రీ చేస్తాను. తర్వాత రెండు పొరలు మంచివైపు లోపలికి ఉండేలా పెట్టి, అట్టతో చేసుకున్న అరచెయ్యంత నక్షత్రాన్ని సుద్దతో గీసి, ఒక పక్క అంగుళంన్నర వదిలి ఆ గీత మీదే కుట్టేస్తాను. కత్తిరించేది ఆ తర్వాతే, కుట్టుకి పావు అంగుళం బయటగా. ముందే కత్తిరిస్తే అంచులు సాగి ఐదు కోణాలూ ఐదు రకాలుగా వస్తాయి. అసలు పనంతా లోపలి మూలల దగ్గరే ఉంది. కుట్టు దాకా గాటు పెట్టాలి, కుట్టు మాత్రం తెగకూడదు. ఒక్క మూల వదిలేసినా తిరగేశాక అక్కడ గుడ్డ ముడుచుకుపోతుంది, ఎంత ఇస్త్రీ చేసినా పోదు. ఇక బూరుగు దూది చిటికెడు చిటికెడు ముందు కోణాల్లోకి, ఆఖరున మధ్యలోకి. గట్టిగా కూరితే నక్షత్రం కాస్తా ఉండలా తయారవుతుంది.

జిగురుతో అతికించే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. గుడ్డ మీద మరక పడుతుంది, చెయ్యి పెడితే గరుకు. దారంతో కుట్టింది ఊడినా మళ్లీ కుట్టుకోవచ్చు.

పోయినేడు మా అత్తయ్య తన పెళ్లినాటి తెల్ల పట్టుచీర తెచ్చి నా ఒళ్లో పెట్టారు. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉండిపోయి మడత పడ్డచోటల్లా చీలింది, విప్పుతుంటేనే చిరుగుతోంది. నాకు కత్తెర పెట్టబుద్ధి కాలేదు, చాలా టెన్షన్ పడ్డాను. "బీరువాలో చివికిపోయేకంటే చెట్టు మీద ఉంటే నేనూ చూసుకుంటాను కదమ్మా" అన్నారు. మడతకీ మడతకీ మధ్య గట్టిగా ఉన్న ముక్కలే తీసి, వెనక పల్చటి నూలు గుడ్డ వేసి మూడు దేవదూతలు చేశాను. రెక్కలకి నరసాపురం లేసు, మా పిన్ని పంపిన ముక్కలు. ఆ అల్లిక గోదావరి వైపు ఆడవాళ్లకి 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిందే, 2024లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అన్న భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పండగపూట అది మా చెట్టు ఎక్కడం నాకెంతో సంతోషం. దేవదూతలకి ముఖాలు గీయలేదు. ఆ పట్టు మీద పెన్ను పెట్టాలనిపించలేదు.

పండగయ్యాక అన్నీ పాత దిండు గలీబులో వేసి, ఎండిన వేపాకుతో స్టీలు డబ్బాలో దాస్తాను. ఈసారి తీస్తే ఒక్కటి కూడా పాడవ్వలేదు. అమ్మ చీర నీలం అంచు వచ్చిన నక్షత్రాన్ని మా అన్నయ్య కూతురు చూడగానే గుర్తుపట్టి, ఇది నానమ్మది, పైన కట్టాలి అని పట్టుబట్టింది. క్యారల్స్ వాళ్లు శనివారం రాత్రి మా వీధికొస్తారు, ఇంకా నాలుగు నక్షత్రాలకి దూది పెట్టి మూతి కుట్టాలి.