గులాబీ రంగు తిరిగిన రియేజెంట్

పొద్దున్న ఏడింటికే మా ల్యాబ్ ముందు పరగడుపు షుగర్ కోసం జనం కూర్చుని ఉంటారు. ఆ రోజు 14 శాంపిళ్లు. పరీక్ష సరిగ్గా వస్తోందో చూసుకునే, విలువ ముందే తెలిసిన కంట్రోల్ సీరం అయిపోవడంతో నా రక్తమే కొంచెం తీసి వాటితో పాటు పెట్టాను. నాకు ఎప్పుడు చూసినా 80, 85 మధ్యే ఉంటుంది. ఆ రోజు 111 వచ్చింది.

రిపోర్టులు ఆపేశాను. రియేజెంట్ (చక్కెరతో కలిస్తే రంగు తెచ్చే ద్రావణం) సీసాను తెల్ల కాగితం ముందు పెట్టి చూస్తే లేత గులాబీ రంగు. రెండు రోజులు ఫ్రిజ్ బయటే ఉండిపోయింది. నేనేమో తొందరలో డిస్టిల్డ్ వాటర్‌తో జీరో కొట్టి, అంటే నీళ్ల రీడింగ్‌నే మెషీన్‌కి సున్నాగా పెట్టి మొదలుపెట్టాను.

గ్లూకోజ్ పరీక్షలో చివరికి పుట్టేది కూడా గులాబీ రంగే. మెషీన్ 505 నానోమీటర్ల కాంతిని పంపి ఎంత ఆగిందో కొలుస్తుంది. అందులో రోగి చక్కెర వల్ల వచ్చిన రంగెంత, పాడైన రియేజెంట్‌ రంగెంత అన్నది దానికి తెలియదు. బ్లాంక్, అంటే రోగి శాంపిల్ లేని ట్యూబు, పెట్టి మనమే చెప్పాలి. 1 మి.లీ. రియేజెంట్, ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) బదులు 10 మైక్రోలీటర్ల నీళ్లు, మిగతా ట్యూబుల పక్కనే 37 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు. అంతే పని.

అది చేసి చూస్తే రంగు రీడింగ్ 0.08 వచ్చింది. మెషీన్‌లో ఎప్పుడో సేవ్ చేసిన ఫ్యాక్టర్, అంటే ఆ రీడింగ్‌ని షుగర్‌గా మార్చే సంఖ్య, 333. గుణిస్తే దాదాపు 27. అందరి షుగర్‌కీ 27 కలిసిపోయింది! వాళ్లలో ఐదో నెల గర్భిణి ఒకామె ఉంది. ఆమెకి 106 చూపించింది. కొత్త సీసా తెరిచి, రియేజెంట్ బ్లాంక్‌తో మళ్లీ చేస్తే 79. గర్భంతో ఉన్నప్పుడు పరగడుపున 92 వచ్చినా మధుమేహం కిందే చూస్తారు. మొదటి కాగితం ఆమె చేతికి వెళ్లి ఉంటే అన్న ఆలోచనకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

"స్టాండర్డ్ కూడా నీళ్ల జీరోతోనే చదివితే సరిపోతుంది కదక్కా?" అని మా జూనియర్ అడిగింది. సరిపోదు. స్టాండర్డ్ అంటే చక్కెర ఎంతో ముందే తెలిసిన ద్రావణం, మాది 100 కాబట్టి 100 దగ్గర అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ స్టాండర్డ్ 0.30కి బదులు 0.38 చదువుతుంది, నిజంగా 300 ఉన్నాయనకి 258 వస్తుంది, 50కి పడిపోయినవాళ్లకి 61 వస్తుంది. నాకైతే ఈ రెండోదే ఎక్కువ భయం. లెక్క కాగితం మీద వేసి చూపించాక తనే వెళ్లి బ్లాంక్ ట్యూబుకి లేబుల్ అంటించింది.

కొవ్వు ఎక్కువై పాలలా కనిపించే ప్లాస్మాకి మాత్రం ఈ బ్లాంక్ కూడా చాలదు. 10 మైక్రోలీటర్ల ప్లాస్మాని 1 మి.లీ. సెలైన్‌లో కలిపి, ఆ తెలుపు ఎంత చదువుతుందో విడిగా చూసి తీసేయాలి. నిన్న ఒక శాంపిల్‌కి అలాగే చేశాం.