పున్నమి మర్నాడు మంగమారిపేటలో

విశాఖలో పుట్టి పెరిగిన అమ్మాయికి విశాఖలోనే ఒక కొత్త చోటు చూపించడం ఎంత కష్టమో గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగేదాకా నాకు తట్టలేదు.

పెళ్లి చేసుకుందామా అని హైదరాబాద్‌లోనే అడిగేసి ఉండొచ్చు. నాలుగేళ్లుగా ఇద్దరం అక్కడే ఉద్యోగాలు చేస్తున్నాం. గోల్కొండ ఉంది, ట్యాంక్‌బండ్ ఉంది. కానీ ఆ ఊళ్లో మేమిద్దరం అద్దెకుంటున్నవాళ్లమే. తను ఏ మాట మొదలుపెట్టినా చివరికి "మా వైజాగ్‌లో అయితేనా..." అన్న దగ్గరికే వస్తుంది. అడిగితే ఆ వైజాగ్‌లోనే అడగాలని పట్టుబట్టి కూర్చున్నాను. డిసెంబరులో, మార్గశిర గురువారం కనకమహాలక్ష్మి గుడికి రమ్మని వాళ్లమ్మ పిలిస్తే తను ముందే వెళ్లింది. నేను ఆదివారం పొద్దున దిగుతానని చెప్పి, శుక్రవారం సాయంత్రమే రైలెక్కాను. శనివారం మొత్తం ఊరు వెతకడానికన్నమాట.

స్టేషన్‌కి పిన్ని కొడుకు స్కూటర్ వేసుకుని వచ్చాడు. బాబాయి స్టీల్ ప్లాంట్ ఉద్యోగి కాబట్టి వీడు గాజువాకలోనే పెరిగాడు. ఊరంతా వాడి అరచేతిలో ఉంది. సంగతి చెప్పగానే "అయితే ముందు ఆర్కే బీచ్" అని నేరుగా అటు తిప్పాడు.

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఆ వేళలో బీచ్ రోడ్డు మీదికి బండ్లను రానివ్వరు, రోడ్డంతా నడిచేవాళ్లదే. సముద్రం మీద ఆకాశం ఎర్రబడుతోంది. ఇంతకంటే ఏం కావాలి అనుకుంటూ ఉండగా తమ్ముడు మెల్లిగా అన్నాడు: "అన్నయ్యా, వాళ్ల నాన్నగారు రోజూ బీచ్‌లో నడుస్తారన్నావు కదా. ఈ బీచేనేటి?"

ఈ బీచే. ఆయన చేతిలో కుక్కల్ని అదిలించడానికి ఒక పొట్టి కర్ర ఉంటుందనీ, దాన్ని ఏనాడూ ఎత్తింది లేదనీ, ఆ కుక్కలే రోజూ ఆయన వెనక నడుస్తాయనీ తను ఎన్నోసార్లు చెప్పి నవ్వింది. సరిగ్గా అప్పుడే కాళీమాత గుడి వైపు నుంచి ఒక కర్ర, ఒక పెద్దాయన, మూడు కుక్కలు వస్తూ కనిపించాయి. నేను రుమాలు మొహానికి చుట్టుకుని రోడ్డు దాటేశాను. మొదటి చోటు అలా పోయింది.

టిఫిన్ తిన్నాక రాస్ హిల్ ఎక్కాం. 1864లో రాస్ అనే దొర ఈ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడట. తరవాత అదే మేరీమాత చర్చి అయింది. పక్క కొండల్లో ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద వెంకన్న గుడి. కింద హార్బరులోకి దారి, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్, దాని మీద లైట్‌హౌసు. ఒక ఓడ ఆ సన్నటి దారిలో మెల్లిగా లోపలికి వస్తుంటే పిట్టగోడ పట్టుకుని పదినిమిషాలు చూస్తూ ఉండిపోయాను. చోటు నాకు బాగా నచ్చింది. కానీ చుట్టూ కొవ్వొత్తులు పట్టుకుని, కళ్లు మూసుకుని తమ కష్టాలు చెప్పుకునేవాళ్లున్నారు. వాళ్ల మధ్య నా గోల ఎందుకనిపించింది.

తరవాత సబ్‌మెరైన్‌కి వెళ్దామన్నది తమ్ముడి సలహా. ఐఎన్ఎస్ కురుసుర రష్యా నుంచి వచ్చింది. 1969లో మన నేవీలో చేరింది, 1971 యుద్ధంలో పనిచేసింది, 2001లో రిటైరైంది. మరుసటి ఏడు ఇసకలోకి లాక్కొచ్చి మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు, లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాల్సిందే. గుండ్రటి తలుపుల్లోంచి కాలూ తలా ఒకేసారి దూర్చాలి. నాకు అలవాటు లేక రెండోదాని దగ్గరే నుదురు బొప్పి కట్టింది. "ఇక్కడైతే నువ్వడిగాక వదిన ఎక్కడికీ పారిపోలేదు" అన్నాడు తమ్ముడు. నవ్వాను గానీ, ఆ మాట నన్ను వదల్లేదు.

ఎందుకు వదల్లేదో కైలాసగిరి మీద అర్థమైంది. రోప్‌వేలో పైకెళ్లి, ఆ నలభై అడుగుల తెల్లటి శివపార్వతుల విగ్రహాల దగ్గర దిగేసరికి అక్కడొక ఏర్పాటు జరుగుతోంది. గుండెకాయ ఆకారంలో ఎర్ర బెలూన్లు, పెద్ద పెద్ద అక్షరాల దీపాలు, పైన తేనెటీగలా జుయ్యిమంటూ డ్రోను. అబ్బాయి మోకాలి మీద కూర్చుని ఉంగరం చాపాడు. చుట్టూ యాభై మందిమి గుమిగూడాం, మాలో సగం మంది ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఎవరో "చెప్పమ్మా, ఎస్ చెప్పు" అని అరిచారు. ఆ అమ్మాయి ఎస్ అంది. బహుశా మనసారానే అని ఉంటుంది. కానీ అనేముందు ఒక్క క్షణం ఆ మొహం అటూ ఇటూ తిరిగింది, దారి వెతుక్కున్నట్టు. నాకు ఆ క్షణమే గుర్తుండిపోయింది. అంత మంది ముందు, పాపం, వద్దనాలనిపించినా ఎలా అంటుంది?

మోకాలి మీద కూర్చోవడం మనది కాదని కొందరు వెక్కిరిస్తారు గానీ నాకు ఆ పట్టింపు లేదు. పెళ్లిలో సన్నికల్లు మీద పెళ్లికూతురి పాదం పెట్టించి మెట్టెలు తొడిగేటప్పుడు ఎవరైనా వంగాల్సిందే. నా భయమల్లా ఆ యాభై మంది గురించే. దాంతో నా జాబితా మారిపోయింది. అప్పటిదాకా ఫొటోలో బాగుండే చోటు వెతికాను. ఇక మీదట తను వద్దు అనడానికీ వీలున్న చోటు కావాలి. అలాగని మరీ నిర్మానుష్యంగానూ ఉండకూడదు, అదీ ఒకలాంటి బలవంతమే. మనుషులుండాలి, వాళ్లు మన వైపు చూడకూడదు. ఇలాంటి చోటు ఏ ఊళ్లోనైనా దొరకడం కష్టమే.

"తొట్లకొండ" అన్నాడు వాడు. భీమిలి రోడ్డులో, సముద్రానికి ఎదురుగా ఉన్న కొండ. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులుండేవారు. నేవీ వాళ్లు విమానంలో సర్వే చేస్తుంటే ఈ శిథిలాలు బయటపడ్డాయి, తవ్వకాలు 1988లో మొదలయ్యాయి. శాతవాహనుల నాణేలూ, రోమన్ వెండి నాణేలూ దొరికాయంటే ఈ రేవులకి ఎక్కడెక్కడి ఓడలు వచ్చేవో చూడండి. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. ఇటుక పునాదుల మధ్య గడ్డి, దూరంగా నీలంగా సముద్రం, గాలి తప్ప చప్పుడు లేదు. ఇదేరా అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "సంసారం వద్దనుకున్నోళ్ల దగ్గరికొచ్చి సంసారం చేద్దామని అడుగుతావేటన్నయ్యా?" అన్నాడు. ఆ మాట విన్నాక ఆ గదుల వరస చూస్తే నాకూ మనస్కరించలేదు.

ఎర్రమట్టి దిబ్బల్లో ఎక్కువసేపు లేం. జాతీయ భూవారసత్వ స్థలమని 2014లో గుర్తించిన చోటది. వానలూ గాలులూ వేల ఏళ్లుగా కోసిన ఎర్రటి లోయలు నిజంగా చూడాల్సిందే. కానీ ప్రతి మలుపులోనూ ఒక పెళ్లి జంట, ఒక కెమెరా, పొడుగు గౌను చివర పట్టుకుని పరుగెత్తే ఒక అసిస్టెంటు. నా బూట్లు మడమల దాకా ఎర్రబడ్డాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి.

భీమిలి చేరేసరికి సాయంత్రమైంది. డచ్చివాళ్ల పాత సమాధుల పక్కగా వెళ్లి, గోస్తని సముద్రంలో కలిసే చోటికి కాస్త ఇవతల కూర్చున్నాం. వారం రోజులుగా నా ఊహలో ఉన్న బొమ్మ ఒకటే. సూర్యుడు సముద్రంలో దిగుతుంటాడు, నీళ్లు బంగారంలా ఉంటాయి, నేను అడుగుతాను. చూస్తూ కూర్చున్నాను. సూర్యుడు నా వీపు వెనక, కొండల వెనక్కి దిగిపోయాడు. నా ఎదురుగా సముద్రం బూడిద రంగులోకి మారింది. ఇది తూర్పు తీరం, ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గానీ సముద్రంలోకి దిగడు. ఐదో తరగతి పాఠం! తెనాలిలో చదివానని కాదు గానీ, ఏ ఊళ్లో చదివినా తెలియాల్సిన విషయమే. వాడు నవ్వీ నవ్వీ ఇసకలో పడుకున్నాడు.

ఉసూరుమంటూ వెనక్కి బయల్దేరాం. మంగమారిపేట దగ్గర టీకి ఆగాం. తొట్లకొండ కింద, జాలర్ల ఊరది. ఇసక మీదికి లాగిన పడవలు, వలల గుట్టలు, వాటి చుట్టూ పిల్లలు. గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని చూద్దునుకదా, నీళ్ల అంచుకి కొంచెం పైన నారింజ రంగులో ఏదో వెలుగు. ఓడ తగలబడుతోందా అన్నాను గాబరాగా.

టీ కొట్టావిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఓడేటి బాబూ, సందమామండి. ఇయ్యాల పున్నం కదా."

అప్పుడు వెలిగింది నాకు. పున్నమినాడు సూర్యుడు అటు దిగే వేళకే చంద్రుడు ఇటు లేస్తాడు. తూర్పు సముద్రం సాయంత్రం మనకివ్వగలిగేది అదే, నేనే అటు చూడకుండా సూర్యుడి కోసం ఏడుస్తున్నాను. మర్నాడు ఏ వేళకొస్తాడని అడిగాను. "ముప్పావుగంటో గంటో ఆలిస్యం. సీకటి పడ్డాక ఇంకా బాగుంతాడు" అంది. ఆటుపోట్లతో బతికేవాళ్లకి పంచాంగం అక్కర్లేదు. చుట్టూ చూశాను. మనుషులున్నారు. ఒకాయన వల బాగుచేసుకుంటున్నాడు, ఇద్దరాడవాళ్లు ఎండుచేపల బుట్ట సర్దుకుంటున్నారు. మా వైపు చూసే తీరిక ఒక్కరికీ లేదు.

ఆదివారం సాయంత్రం తను స్కూటర్ మీద తెన్నేటి పార్కు దగ్గరికి వచ్చింది. మరమరాల మిక్చర్ తిందామా అంటే, "మూరీలు అనాలి ఇక్కడ" అని సరిదిద్ది రెండు పొట్లాలు కొంది. నిమ్మకాయ బాగా పిండించింది. 2020 అక్టోబరులో వాయుగుండానికి ఒక బంగ్లాదేశ్ ఓడ లంగరు తెగి ఈ రాళ్ల మీదికే కొట్టుకొచ్చిందనీ, ఊరంతా తిరనాళ్లకొచ్చినట్టు వచ్చిందనీ, తను నాలుగుసార్లు చూసిందనీ చెప్పింది. వింటున్నానే గానీ నా చెయ్యి మాటిమాటికీ చొక్కా జేబు మీదికే పోతోంది.

"మంగమారిపేట దాకా వెళ్దాం, టీ బాగుంటుంది" అన్నాను.

"నీకెలా తెలుసు?"

"తమ్ముడు చెప్పాడు."

పడవల పక్కన కూర్చున్నాం. లెక్క ప్రకారం ఆరుంబావుకి రావాలి. ఆరుంబావైంది, ఆరున్నర అయింది. చంద్రుడి జాడ లేదు. నీళ్ల మీద సన్నగా మంచో మబ్బో, అంచంతా కప్పేసింది. నేను టెన్షన్‌లో ఏదేదో వాగుతున్నాను, భిక్షువులనీ, రోమన్ నాణేలనీ. ఇంతలో వాళ్లమ్మ ఫోను. తను "వచ్చేస్తున్నానమ్మా" అని చెప్పి, లేచి నిలబడి ఇసక దులుపుకుంది.

ఇంక చంద్రుణ్ని నమ్ముకుంటే లాభం లేదనిపించింది. కూర్చునే అడిగాను. "మనం పెళ్లి చేసుకుందామా? వద్దనుకుంటే వద్దనే చెప్పు, ఏం ఫర్లేదు. ఇక్కడెవరూ చూడట్లేదు."

తను ఇటు తిరిగింది. "టీ కొట్టావిడ చూస్తోంది" అంది. తరవాత నా కాళ్ల వైపు చూపించింది. "పొద్దున రైలు దిగి నేరుగా పిన్ని వాళ్లింటికెళ్లావన్నావు. ఎర్రమట్టి దిబ్బలకెప్పుడెళ్లావు?"

మొత్తం చెప్పేశాను. రుమాలు చుట్టుకోవడం, బొప్పి కట్టడం, సూర్యుడు వెనకనుంచి దిగిపోవడం. తను అలా నిలబడి నవ్వుతూనే ఉంది, నేను ఉంగరం పట్టుకుని కూర్చునే ఉన్నాను. చివరికి చెయ్యి చాపింది. ఉంగరం కణుపు దగ్గర ఆగిపోతే తనే తీసి చిటికెన వేలికి పెట్టుకుంది.

"సందమామొచ్చీసినాడమ్మా!" అని కొట్టులోంచి కేక. చూస్తే అప్పటికే రెండు జానల పైన ఉన్నాడు. నీళ్లలోంచి లేవడం ఇద్దరం చూడనే లేదు.

స్కూటర్ స్టార్ట్ చేస్తూ తను అంది: "అమ్మకి నేను చెప్తాను. నాన్నని నువ్వే అడగాలి. రేపు ఆరింటికి ఎక్కడుంటారో నీకు తెలుసుగా."

మర్నాడు చీకటితోనే కాళీమాత గుడి దగ్గర నిలబడ్డాను. బూట్లు పిన్ని ఉతికి ఆరేసింది, తమ్ముడి చెప్పులేసుకుని వచ్చాను, అవి ఒక సైజు పెద్దవి. ముందు కుక్కలు ఆగి నన్ను చూశాయి. తరవాత ఆయన.

"నమస్కారమండి. మీతో ఒక మాట మాట్లాడాలి."

"నడుస్తూ మాట్లాడు బాబూ" అని ఆయన ఆగకుండా సాగిపోయారు. కుక్కల్ని దాటి ఆయన పక్కకి చేరడానికి నాకు సబ్‌మెరైన్ దాకా పట్టింది.